గొంగడి కోటు

గొంగడిని కత్తెరతో కోయడం నా జన్మలో ఒక్కసారే చూశాను. కోసింది మా అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. ఆ పొద్దు కత్తెర కన్నా ఆమె నోరే ఎక్కువ ఆడింది. "నిండు గొంగడిని నడిమిట్ల కోసుడేంది, నా చేతులిరుగ" అని తనను తాను తిట్టుకుంటూనే కోసింది. మా వైపు గొంగడి వానకు గొడుగు, చలికి దుప్పటి, చేను కాడ పరుపు, చుట్టం వస్తే కూర్చోబెట్టే ఆసనం. చినిగితే కుట్టుకుంటారు, మరీ పాతబడితే గొడ్డు మీద కప్పుతారు. కోయడం మాత్రం ఎవరూ చేయరు. దాన్ని ముక్కలు చేసి కోటు కుట్టాలన్న పాడు ఆలోచన మా ఇంటికే వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే బాపు దగ్గు నుంచి మొదలుపెట్టాలి.

మేం అప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో, బొగ్గుబావుల దగ్గర కంపెనీ కట్టించిన క్వార్టర్లలో ఉండేవాళ్ళం. వరుసకు వరుస ఒకే రకం గోడలు, ఒకే రకం రేకులు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చేరిన చోటు అది. ఒక గోడకు ఇటు మరాఠీ, అటు తెలుగు. బాపు చెన్నూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి, మీసాలు రాకముందే బొగ్గు బాయిలో దిగాడట. ఆ తర్వాత నిజాం పోయాడు, హైదరాబాదు స్టేటు పోయింది, ఆంధ్రప్రదేశ్ అని కొత్త పేరు వచ్చింది. బాపు మాత్రం పొద్దున దిగుతూ, పొద్దు గూకే వేళకు నల్లగా పైకి వస్తూ అలాగే ఉండిపోయాడు. మేం మిషన్ వాళ్ళం. ఆదివారం ఆయన రుద్దిరుద్ది స్నానం చేసి ఆరాధనకు వచ్చినా కనురెప్పల అంచుల్లో బొగ్గు కనిపించేది. కాటుక పెట్టుకున్నావా బాపూ అని నేను ఏడిపించేదాన్ని.

ఆ ఏడు వానలు వెనకబట్టాక దగ్గు పట్టుకుంది. ముందు చుట్ట మీద నెట్టాం. చుట్ట మానేశాడు, దగ్గు మానలేదు. తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. చివరికి దవాఖానాలో డాక్టరు చాతీ మీద గొట్టం పెట్టి చూసి, "దుమ్ము పేరుకున్నది. ఇంక బాయిల దిగితే బతుకవు" అని చెప్పి, వెనక నిలబడ్డ మనిషిని పిలిచాడు. అంతే. బాయిలో దిగకుండా మరేం చేసి బతకాలో ఆయనను అడగడానికి లేదు, అది ఆయన పని కాదు.

దిగకపోతే పని లేదు. పని లేకపోతే క్వార్టరు లేదు. జబ్బు సెలవు తీరేలోగా ఇంట్లో ఒక్కరైనా కంపెనీ పనిలో చేరకపోతే తాళం అప్పజెప్పి పోవాల్సిందే. పోవడానికి మాకు ఇంకో చోటు లేదు. చెన్నూరు దగ్గరి పల్లెలో బాపు పుట్టిన గుడిసె ఎప్పుడో కూలిపోయింది, గుంట భూమి కూడా లేదు. నేను మిషన్ హాస్టల్లో కొంత చదివి, ఆ చదువు ఎటూ అక్కరకు రాక, పెళ్ళి కాక ఇంట్లోనే ఉన్నాను. అవ్వ బట్టలు కుట్టేది. ఆ కుట్టుడుతో ఉప్పు, మిరపకాయలు వచ్చేవి కానీ నెత్తి మీద రేకులు రావు. ఆ నెలలన్నీ మా ఇంట్లో ఎవరూ దేని గురించీ గట్టిగా మాట్లాడలేదు. క్వార్టరు పోతుందన్న భయం అన్నంలో రాయిలా ప్రతి పూటా తగిలేది.

అప్పుడు హాజరుబాబు ఒక కబురు చెప్పాడు. బాయి మీద ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని పట్టీ వేసే గుమాస్తాను మేం అలా పిలిచేవాళ్ళం. మనిషి చెడ్డవాడు కాదు. పైన బొగ్గు కుప్పల దగ్గర రాత్రి కావలి పని ఖాళీ అయిందనీ, క్రిస్మస్ దాటాక మేనేజరు దొర స్వయంగా చూసి మనిషిని పెట్టుకుంటాడనీ వచ్చి చెప్పాడు.

"ఇంతకుముందున్నోడు గొంగడి గప్పుకొని కుప్ప పక్కకు పండుకునేటోడు. దొర చూసి ఎల్లగొట్టిండు. గొంగడి గప్పుకున్నోడు కావలోడా, గొర్లకాపరా అన్నడట. కోటేస్కొని సిపాయి లెక్క నిలవడేటోడు గావాలెనంటుండు. ఇంకోటి, బక్కోళ్ళను, దగ్గేటోళ్ళను దగ్గరికే రానిస్తలేడు. సూడంగనే ఇంటికి పంపుతుండు. జర గట్టిగ కనవడే తీరు జూస్కో."

బాపు తన చేతుల వైపు చూసుకున్నాడు. మణికట్టు మీద ఎముక పొడుచుకు వచ్చి ఉంది. హాజరుబాబు కూడా అదే చూశాడు, చూసి లేచి వెళ్ళిపోయాడు.

కావలి పని అంటే రాత్రంతా బయట. మా జిల్లా చలి తెలియని వాళ్ళకు చెప్పినా నమ్మరు. పుష్యమాసంలో గాబులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొరికినట్టు ఉంటుంది. దుమ్ము నిండిన చాతీతో ఆ చలిలో నిలబడడం కూడా చావుకు దగ్గరి పనే. కానీ లోపలికి దిగితే రేపే, పైన నిలబడితే ఎప్పుడో. మాకు ఆ "ఎప్పుడో" చాలనిపించింది. ఒంట్లో వేడి పోకుండా ఒక మంచి కోటు ఉంటే నెట్టుకు రావచ్చని బాపు లెక్క.

కోటు కొనే సంగతి ఎవరూ ఎత్తలేదు. అవ్వ లేచి ట్రంకుపెట్టె తెరిచి, అడుగు నుంచి ఒక కాగితపు సంచి తీసింది. మిషన్ బంగళాలో దొరసాని ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పేది. ఆమె తన దేశం వెళ్ళిపోతూ ఉన్నవన్నీ పంచిపెట్టింది. ఒకామెకు దారం ఉండలు, ఒకామెకు మంచి కత్తెర, ఇంకొకామెకు ఉన్ని గుడ్డ దక్కాయి. అవ్వకు ఈ కాగితాలు దక్కాయి. మగవాళ్ళ చలికోటు నమూనా అది. సంచి మీద ఒక తెల్లదొర బొమ్మ. జేబులో చెయ్యి పెట్టుకుని, లోకమంతా తన తాత సొత్తన్నట్టు నిలబడ్డాడు. లోపల ఉల్లిపొర లాంటి కాగితాలు, వాటి మీద గీతలు, బాణాలు, ఇంగ్లీషు అక్షరాలు. అవ్వకు చదవడం రాదు. అన్నేళ్ళూ వాటిని పారేయలేదు, వాడలేదు.

"సదువు" అని నా ముందు పరిచింది. నా చదువు అక్కరకొచ్చిన సందర్భం అదొక్కటే.

బట్ట సంగతి మేనమామ తీర్చాడు. ఆయనది బోథ్ దగ్గర ఊరు. కబురు పెడితే కొత్త నల్ల గొంగడీ, ఒక చిన్న మూట దూదీ పట్టుకొచ్చాడు. గొంగడి కప్పుకోమని తెచ్చాడు పాపం. దాని మీద ముగ్గుపిండితో గీతలు గీస్తున్నామని చూసి, "మీకు గిట్ల పిచ్చి లేసిందా?" అని అడిగాడు. విషయం తెలిశాక తిన్న కంచం కడుక్కుని వెళ్ళిపోయాడు.

నేను కాగితాల మీద ఉన్నది చదివి చెప్పాను. ఇది వీపు, ఇవి ముందు చెక్కలు, ఇవి చేతులు. ఈ అంచు మడత మీద పెట్టాలి, లేకపోతే వీపు సగమే వస్తుంది. వేసుకునే మనిషి సన్నగా ఉంటే ఈ గీత దగ్గర కాగితాన్ని మడిచి, ఆ మేరకు తగ్గించి కోయాలి. వీపు కాగితాన్ని బాపు వెనక పట్టి చూశాను. రెండు వైపులా భుజాలు దాటి గాలిలో వేలాడింది. ఆ కాగితంలో ఇంకో సగం మనిషి పడతాడు.

"మడవాలె బాపూ, నీకు శాన పెద్దగయితది" అన్నాను.

"మడవకు బిడ్డా. ఆ బొమ్మలున్నోడు ఎంత ఉన్నడో గంతే ఉండనీ."

"నువ్వు గంత లేవు గద!"

"నేను లేకున్న కోటుంటే సాలు. దొర సూసేది కోటునే."

"లోపటంత సందే ఉంటది. గా సందుల చలి గూసుంటది" అంది అవ్వ.

"బొంత కుట్టినట్టు నింపుదాం" అన్నాడు బాపు.

అవ్వ మొహంలో వెలుగు వచ్చింది. కోటు ఆమెకు తెలియదు గానీ బొంత తెలుసు. పాత చీరలు పొర మీద పొర పరిచి, దబ్బనంతో వరుస వెంట వరుస కుట్టు పోయడం మా ఆడవాళ్ళకు తల్లి నేర్పే పని. పైన గొంగడి, కింద అస్తరుకు తన పాత చీర, మధ్యలో మేనమామ తెచ్చిన దూది. చాతీకి ఒక మందం, వీపుకు ఒక మందం, భుజాలకు మాత్రం ఇంకా ఎక్కువ. ఏ దేశంలోనూ ఆ నమూనాతో అలాంటి కోటు కుట్టి ఉండరు.

గొంగడి కోసిన చోటల్లా పోగులు ఊడిపోవడం మొదలైంది. దాని నేత అలాంటిది, కోతకు పుట్టింది కాదు. గొంగడి గట్టిగా నిలవడానికి నేసినవాళ్ళు చింతగింజల గంజి పట్టిస్తారు కదా, అవ్వ అదే గంజి చిక్కగా కాచి అంచులకు పూసి ఆరబెట్టింది. ఆరాక అంచులు అట్టలా బిగిశాయి. అప్పుడు కుట్టడానికి బాపు దబ్బనం అందుకున్నాడు.

"ఇయ్యి. నా కోటు నేను కుట్టుకుంట" అన్నాడు.

ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆయనను దగ్గు కన్నా ఎక్కువ తింటోందని మా ఇద్దరికీ తెలుసు. ఇచ్చేశాం. వాకిట్లో ఎండ పడే చోట కూర్చుని, చాపలా ఒళ్ళో పరుచుకుని కుట్టేవాడు. అవ్వ పక్కన కూర్చుని దూది సర్దేది, వంకర పోతే విప్పించేది. పికాసు పట్టిన చేతులకు దబ్బనం లొంగలేదు మొదట. తర్వాత కుట్లు వరుసలో పడ్డాయి. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏందన్నా, బిడ్డ పెండ్లికి బొంత కుడుతున్నవా?" అని ఒకామె పరాచికమాడింది. "ఆ, అల్లునికి సుత ఒకటి కుడుత" అని బాపు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆమె ఇంకా అక్కడే ఉందని లోపలికి వెళ్ళి తలుపేసుకుని దగ్గాడు.

చేతులు అతికించే రోజు కోటును ఒంటి మీద వేసి చూడాల్సి వచ్చింది. ఒంటి మీద ఉన్న బట్టకు సూది తగిలించకూడదని మా వాళ్ళ పట్టింపు. యేసయ్యను నమ్ముకున్నా ఆ భయం మాత్రం పోలేదు. తప్పనిసరైతే వేసుకున్న మనిషి ఒక దారప్పోగు నోట్లో పెట్టుకుని నములుతుండాలి. అవ్వ పోగు తెంపి బాపు నోట్లో పెట్టింది. "పాస్టరయ్య సూస్తె తిడ్తడు" అంటూనే ఆయన నమిలాడు. నేను చంక దగ్గర గుండుసూదులు గుచ్చుతున్నాను. అంగీ లోపల పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. అప్పటిదాకా దూరం నుంచి చూసి బక్కచిక్కాడనుకున్నాను. చేయి పెట్టి చూశాక ఈ మనిషి ఎక్కువ కాలం ఉండడని తెలిసిపోయింది. గుడ్ల నీళ్ళు గుడ్లలోనే కుక్కుకుంటూ సూదులు గుచ్చాను, ఆయన తల పైకెత్తి దారం నములుతూ నిలబడ్డాడు.

కోటు అయిపోయింది. నేల మీద పెడితే దానంతట అదే నిలబడింది. బాపు వేసుకుని, గుండీలు పెట్టుకుని, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. భుజాలు తలుపంత వచ్చాయి. చాతీ పొంగింది. కాలరు మెడ మీది గుంటలను కప్పేసింది. దగ్గు రాకముందు కూడా అంత మనిషి కాదాయన.

"పెండ్లి నాడు గూడ గిట్ల లేవు గదనయ్యా" అంది అవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. బాపు మీసం దువ్వుకున్నాడు. సిపాయిలా వాకిలి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూపించాడు. మేం ముగ్గురం పడీపడీ నవ్వాం. ఎన్ని నెలల తర్వాతో మా ఇంట్లో నవ్వు వినపడింది. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మాట కూడా తయారు చేసుకున్నాం. దొర జబ్బేమిటని అడిగితే ఏమనాలి? దగ్గు ఉండె, నయమైంది, ఇప్పుడేం లేదు. అవ్వ పదిమార్లు అనిపించింది. దగ్గు ఆపడానికి బుగ్గలో లవంగం.

కొత్త సంవత్సరం ఆరాధన అయిపోయిన తర్వాత ఒక పొద్దున పిలుపొచ్చింది. లవంగాలు అందించడానికి అవ్వ నన్ను వెంట పంపింది. ఆఫీసు ముందు ఇంకా ఎండ రాలేదు. పని కోసం వచ్చినవాళ్ళు మరికొందరు తువ్వాళ్ళు చుట్టుకుని ముడుచుకుని నిలబడ్డారు. ఒకతనికి కాలు కుంటి, ఎప్పుడో బాయిలో బండ పడి విరిగింది. కోటులో ఉన్నది బాపు ఒక్కడే. వాళ్ళు కొంచెం జరిగి ఆయనకు ముందు చోటిచ్చారు.

దొర బయటికి వచ్చాడు. ఏదో పైరాష్ట్రం మనిషి, తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో అన్నది హాజరుబాబు తెలుగులో చెప్పాలి. దొర చూపు తిన్నగా వచ్చి బాపు మీద ఆగింది. పైనుంచి కింది దాకా చూసి, సెలవు పట్టీ తిప్పి ఏదో అడిగాడు.

"ఏం బీమారి ఉండె నీకు అంటుండు" అన్నాడు హాజరుబాబు.

"దగ్గు ఉండె దొరా. నయమైంది. ఇప్పుడేం లేదు." బాపు గొంతు గట్టిగానే పలికింది.

"బాయిల ఏం పని జేసినవంటుండు."

"బొగ్గు కోసిన. శిన్నప్పటి సంది గదే పని."

దొర నవ్వాడు. చేయి చాచి బాపు భుజం మీద చరిచాడు. లోపల దూది ఉందని తెలిసిపోతుందేమో అనుకున్నాను. ఆయనకు తెలియలేదు. హాజరుబాబు వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా మాట్లాడాడు.

నా ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ మాటలు అర్థమయ్యాయి. ఇంత గట్టి మనిషిని తీసుకెళ్ళి కుప్పల దగ్గర నిలబెడతామా? లోపల బొగ్గు కోసేవాళ్ళు చాలక చస్తున్నాం. సోమవారం నుంచి దిగమను. కావలికి ఆ కుంటివాణ్ణి పెట్టు, వాడు ఇంకెందుకు పనికొస్తాడు, కోటు ఒకటి మనమే ఇద్దాం.

బాపుకు ఇంకా తెలియదు. దొర నవ్వాడు, భుజం తట్టాడు, పని దొరికిందనే అనుకున్నాడు. నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా, కళ్ళతోనే "సూసినవా" అన్నాడు. ఆ నవ్వును నేను చూస్తూ నిలబడాల్సి వచ్చింది. హాజరుబాబు తెలుగులో చెప్పేదాకా అది ఆయన మొహం మీదే ఉంది.

"లేదు దొరా, నాకు..." అని బాపు మొదలుపెట్టి ఆగిపోయాడు. ఏమనగలడు? నయమైందని ఇప్పుడే తన నోటితో చెప్పాడు. నయం కాలేదంటే దగ్గేవాళ్ళ వరుసలో ఇంటికి పంపుతారు, క్వార్టరు పోతుంది. హాజరుబాబుకు దగ్గు సంగతి తెలుసు. ఆయన నేల చూశాడు. నేను నోరు తెరవబోయాను. బాపు పక్క నుంచి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"మంచిది దొరా" అన్నాడు.

వచ్చే దారిలో కాలువ మోరీ మీద కూర్చుని అప్పటిదాకా ఆపుకున్న దగ్గంతా దగ్గాడు. దగ్గి, తువ్వాలతో నోరు తుడుచుకుని, కోటు మీద పడ్డ తుంపర కూడా తుడిచాడు. "మస్తుగ కుట్టినం బిడ్డా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అన్నాడు. అది ఇంకా భరించలేకపోయాను.

అవ్వ వాకిట్లోనే ఎదురొచ్చింది. "దొరికిందా?"

"దొరికింది."

"దేవునికి స్తోత్రం. ఏ రాత్రి సంది?"

"రాత్రి గాదు. లోపటికే."

అవ్వ గడప మీద కూర్చుంది. పొయ్యి మీద జొన్న గటక మాడి వాసన వస్తున్నా ఎవరం లేవలేదు. ఆ సాయంత్రం అవ్వ ప్రార్థన చేయలేదు. రోజూ మోకరించే మూలకు వీపు పెట్టి కూర్చుంది.

సోమవారం తెల్లవారుజామున బాపు కోటు వేసుకునే బయలుదేరాడు. బాయి లోపల ఉక్క, తడి. అక్కడ కోటుతో పని లేదు. లాంపులు ఇచ్చే గది బయట కొయ్యకు తగిలించి, అంగీతో దిగేవాడు. పైకి వచ్చాక మళ్ళీ వేసుకుని ఇంటికి వచ్చేవాడు. ఇంటికీ బాయికీ మధ్య నడిచే ఆ కాసేపు మాత్రం మా జిల్లాలో ఆయనంత వెచ్చగా ఉన్న మనిషి లేడు. వీధిలో కొందరు నమస్తే పెట్టడం కూడా మొదలుపెట్టారు.

శివరాత్రి జాతరకు వేములవాడ వెళ్ళే బండ్లు కట్టే రోజుల్లో దగ్గులో రక్తం పడింది. ఈస్టరు ముందటి శ్రమదినాల్లో, ఒక మధ్యాహ్నం, నేను నీళ్ళు తాగిస్తుండగా పోయాడు. నీళ్ళు గొంతులోకి దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. మొన్నటిదాకా కోటేసుకుని దొరలా పోయేటోడు, మంచిగ ఉండె, ఏం రోగం లేకుండె, గింతల్నే ఏమాయె అని. ఎవరికని చెప్తాం. డాక్టరు, హాజరుబాబు తప్ప మా ఇల్లు దాటి బయట ఒక్కరు కూడా ఆయన ఎంత పాడయ్యాడో చూడలేదు.

పదిహేను దినాలైనా కాకముందే క్వార్టరు ఖాళీ చేయమని కబురొచ్చింది. వానాకాలం దాకా ఉండనివ్వమని అడుగుదామని అవ్వ నన్ను తీసుకుని ఆఫీసుకు వెళ్ళింది. అదే వరండా. దొర మమ్మల్ని చూసి ఎవరని అడిగాడు. హాజరుబాబు చెప్పాడు. దొరకు బాపు గుర్తున్నాడు. నొచ్చుకున్నట్టే మొహం పెట్టి ఏదో అన్నాడు.

"గంత గట్టి మనిషి, ఎట్ల సచ్చిపోయిండు అని అడుగుతుండు" అన్నాడు హాజరుబాబు మెల్లగా.

అవ్వ దొర మొహంలోకి చూసింది. ఏడవలేదు.

"గట్టిగ ఉండేది మనిషి గాదు దొరా. మేం కుట్టిన కోటు" అంది.

దొర అర్థం కాక హాజరుబాబు వైపు చూశాడు. హాజరుబాబు దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. మా వైపు తిరిగి, "ఇగ క్వార్టరు చాబీ ఎన్నడిస్తరమ్మా?" అని అడిగాడు.